నడుం లోతు నీళ్ళు

కోపంలో ఉన్నప్పుడు ఉత్తరాలు రాయకూడదంటారు. యాత్రా కథనాలు రాయకూడదని ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. ఏలూరు వైపు వెళ్ళి తిరిగొచ్చి పద్దెనిమిది రోజులైంది. కోపం ఇంకా దిగలేదు. కొల్లేటి పక్షుల కబుర్ల కోసం ఇది చదవడం మొదలుపెట్టిన వాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు. పక్షులు ఉన్నాయి గానీ, నేను వాటిని సరిగ్గా చూసే స్థితిలో లేను.

మాది అనంతపురం. నేను రిటైరైన హెడ్మిస్ట్రెస్‌ని. మా చెల్లెలు నిర్మల నాకన్నా పదమూడేళ్ళు చిన్నది, నాతోనే ఉంటుంది. ఊళ్ళోని ఒక ప్రైవేటు బడిలో పద్దెనిమిదేళ్ళు లెక్కలు చెప్పింది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగిన వాళ్ళందరికీ ఇన్నేళ్ళూ నేనే జవాబు చెప్పాను. పోయిన వేసవిలో ఆ బడి మూతపడింది. కొత్త ఉద్యోగం కావాలంటే ఇప్పుడు డెమో క్లాసు ఇవ్వాలి. అంటే తెలియని పిల్లలకు, తెలియని పెద్దలు వెనక కూర్చుని చూస్తుండగా ఒక పాఠం చెప్పాలి. నిర్మల రెండు చోట్ల ఇచ్చింది. రెండుసార్లూ మధ్యలో మాట ఆగిపోయి, సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికొచ్చేసింది.

మూడో పిలుపు తాడేపల్లిగూడెం దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూలు నుంచి వచ్చింది. జీతం బాగుంది, ఉండటానికి క్వార్టరు ఇస్తారు. ఇది కూడా పోతే ఇక బడి ముఖం చూడను, ఇంట్లో కూర్చుని అప్పడాలు ఒత్తుకుంటాను అంది నిర్మల. తన మాటంటే మాటే. అందుకని దీనికి కావలసింది ఆత్మవిశ్వాసం అని నేను తేల్చేశాను. ఏలూరులో ఆత్మవిశ్వాసం మీద ఒకరోజు తరగతి ఉందని ఫోన్లో ప్రకటన కనిపిస్తే, తనని అడక్కుండా ఇద్దరికీ డబ్బు కట్టేశాను. ఒక్కొక్కరికి పదిహేను వందలు.

ఏలూరు

స్టేషన్ బయట హోటల్లో పెసరట్టు ఉప్మా. మా వైపు పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని కళ్ళు తుడుచుకుంటాం. ఇక్కడ అల్లం పచ్చడిలో కూడా బెల్లం. ప్లేటు డెబ్భై రూపాయలు. రుచికి వంక పెట్టలేను, పెడదామని మాత్రం ఉంది.

ఈ ఊళ్ళో నన్ను ముందుగా చికాకు పెట్టింది మర్యాద. కాఫీలో పంచదార ఎక్కువైందని విసుక్కుంటే "మార్చేస్తానండి, ఉండండి" అని ఆ కుర్రవాడు నవ్వాడు. తరగతి జరిగే వట్లూరు వరకూ ఆటో అడిగితే రెండొందలండి అన్నారు. నూట యాభై అంటే కుదరదండి అన్నారు. ఇదేం దోపిడీ అంటే, దూరమండి అన్నారు. పోట్లాటకి మేం మా ఊరి నుంచి కత్తి తెచ్చుకుంటే వీళ్ళు దూదితో వచ్చినట్టుంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, నాకైతే ఎవరైనా ఒక్కసారి గట్టిగా కసిరితే బాగుండుననిపించింది.

హోటల్లో కుర్రవాడు నిర్మలను "మీకేం ఇవ్వమంటారండీ?" అని అడిగాడు. తనకూ పెసరట్టే అన్నాను. ఆటో అతను నిర్మల వైపు చూస్తూ "ఎక్కడికండి?" అన్నాడు. వట్లూరు అన్నాను. వీటిలో రాయదగిందేముందో అప్పుడు నాకు తెలియదు. తర్వాత తెలిసింది.

వట్లూరు: పెంకులు

కాలేజీలు, కొత్త అపార్ట్‌మెంట్ల మధ్య ఒక ఫంక్షన్ హాలు. రెండు వందల మంది ఉంటాం. మాకు తర్ఫీదిచ్చే పెద్దమనిషి ఏప్రిల్ ఎండలో కోటు వేసుకుని, చెవి దగ్గర మైకుతో, పెళ్ళికొడుకు నడిచే ఎర్ర తివాచీ మీద పరిగెత్తుకుంటూ వచ్చాడు. మొదటి గంట చప్పట్లు. రెండో గంట అద్దం. అందరికీ చేతి అద్దం ఒకటి ఇచ్చి, అందులో చూసుకుంటూ "నేను సింహాన్ని" అని పదకొండుసార్లు అరవమన్నాడు. గొంతు పెంచండి, గొంతే ఆత్మవిశ్వాసం అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు బడిలో గొంతు పెంచిన దాన్ని కాబట్టి నాకది కష్టం కాలేదు. నా పక్కన నిర్మల పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. నేను మోచేత్తో పొడిచాను.

భోజనాల తర్వాత అసలు తంతు. ఒక్కొక్కరికి ఒక పాత ఇంటి పెంకు, ఒక స్కెచ్ పెన్ను. ఆ పెంకు మీద మీ అతి పెద్ద భయాన్ని రాయండి, ఎవరికీ చూపించకండి, దాన్ని చేత్తో కొట్టి బద్దలు చేయండి, భయం అక్కడితో సరి. నిర్మల ఏదో రాసి అరచేయి అడ్డం పెట్టుకుంది. నల్లబల్ల అనో, డెమో అనో రాసుంటుందనుకున్నాను. రెండు ఇటుకల మధ్య పెట్టి కొడితే ఠప్పున విరిగింది. ఆ పెంకులు ఎంత నానిపోయి ఉన్నాయంటే గట్టిగా తుమ్మినా విరుగుతాయి. అందరూ చప్పట్లు కొట్టారు. కోటు మనిషి నిర్మల చేయి పైకెత్తి పట్టుకుని వీడియో తీయించుకున్నాడు. చివర్లో సర్టిఫికెట్ ఇచ్చారు. దాని మీద బంగారు రంగు సింహం బొమ్మ.

బయటికొచ్చాం. నేను చెప్పులు వెతుక్కుంటూ, వెళ్ళి ఆటో మాట్లాడు అన్నాను. నిర్మల రోడ్డు వారన నిలబడింది. మూడు ఆటోలు ఆగి, ఆమె నోరు తెరవకపోతే వెళ్ళిపోయాయి. నాలుగోదాన్ని నేనే అరిచి ఆపాను.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మనిషి ఏం అమ్మాడు మాకు? వంద గజాల దూరంలో ఉన్న ఆటోకి పనికిరాని ధైర్యాన్ని మూడు వేలు పెట్టి కొన్నాం. ఓటికుండకు మోత ఎక్కువని మన పెద్దవాళ్ళు ఎప్పుడో చెబితే, ఈయన కుండకు చిల్లు పెట్టి మోత నేర్పుతున్నాడు. ఆ హాల్లో సగం మంది ఇంటర్వ్యూల్లో పోయిన పిల్లలు. రేపు మళ్ళీ పోతే, పెంకు పగలగొట్టి కూడా నాకు రాలేదంటే లోపం నాలోనే ఉందనుకుంటారు. ఆటోలో దారి పొడుగునా నేను ఇదే అరిచాను. నిర్మల సింహం బొమ్మను మడతపెట్టి సంచిలో పెట్టుకుని, కాలవ చూస్తూ కూర్చుంది.

కొల్లేరు

డెమోకి ఇంకా ఒక రోజుంది. గదిలో కూర్చుంటే ఇద్దరికీ పిచ్చెక్కుతుందని కొల్లేరు వెళ్దామన్నాను. ఏలూరు నుంచి దక్షిణంగా పోతుంటే ముందు వరిచేలు, తర్వాత చేపల చెరువులు, గట్లు, మళ్ళీ చెరువులు. సరస్సు ఎక్కడండీ అంటే ఇదేనండి అంటారు. నీళ్ళు కనపడితే రెండు చేతులా దండం పెట్టే ఊరి నుంచి వచ్చిన దాన్ని. ఇంత నీటిని ఇలా పళ్ళాల్లో పంచినట్టు గట్లు కట్టి ముక్కలు చేసుకున్నారేమిటని దానికీ కోపమొచ్చింది.

ఒక లంక ఊరి దగ్గర మోటారు పడవలు ఉన్నాయి. మనిషికి మూడొందలు, పాటలు ఉచితం. ఆ పాటల మోత విని పక్కకు వచ్చేస్తే, చర్చి వెనక రేవులో ఒకావిడ తాటిదోనెలో నీళ్ళు తోడి పోస్తోంది. రెండు తాటి మొద్దుల్ని తొలిచి, పక్కపక్కన పెట్టి కట్టిన దోనె. పేరు సువార్తమ్మ. యాభై దాటి ఉంటాయి. వలలు చూసుకోవడానికి వెళ్తోందట. మమ్మల్నీ తీసుకెళ్తావా అని అడిగితే, "రండమ్మా, కూర్చోవడం వచ్చు కదండి?" అంది. కూర్చోవడం రాకపోవడమేమిటని నాకు ఒళ్ళు మండింది. అది ఎంత సరైన ప్రశ్నో పావుగంటలో తెలిసింది.

నీటి మీద పరుచుకున్న గుర్రపుడెక్కను చీల్చుకుంటూ దోనె పోతోంది. సువార్తమ్మ వెనక నిలబడి వెదురుగెడతో నెడుతోంది. అవతల గూడబాతులు గుంపుగా ఉన్నాయి. నేను చూస్తున్నది ఆ గెడని. ప్రతి మలుపులోనూ ఆగి, గెడను నిటారుగా దింపి, పైకి తీసి తడిసిన మేర చూసుకుని, అప్పుడు కదులుతోంది. నాలుగోసారికి నాకు ఓపిక పోయింది. పుట్టిందిక్కడే, పెరిగిందిక్కడే, ఈ దారి నీకు తెలియదా, ఇంకా కొలవడమెందుకు అన్నాను.

"నిన్నటి లోతు ఇయ్యాల ఉండదండి" అంది. ఒండ్రు కదులుతూంటుందట, చెరువుల వాళ్ళు నీళ్ళు వదిలితే మారిపోతుందట. తెలుసనుకుని పోయిన రోజే రెండుసార్లు బోల్తా పడిందట. నీకు భయం లేదా అని అడిగాను. నా గొంతులో కాస్త వెటకారం ఉంది, ఒప్పుకుంటాను.

"భయం ఎందుకుండదండీ, ఈత కూడా రాదు నాకు. గాలొచ్చినా భయమే, చీకటి పడినా భయమేనండి. భయమేసినప్పుడు గెడ దింపుతానండి. ఎంత లోతుందో తెలిసిపోద్ది కదండి. తెలిశాక, పోగలిగితే పోతాను, లేపోతే వెనక్కి తిప్పేస్తాను."

కొల్లేట్లో పుట్టి ఈత రాదా అని నేను ఆశ్చర్యపోయేలోగా, పాటల పడవ ఒకటి మా పక్క నుంచి దూసుకుపోయింది. అల లేచి దోనె ఊగింది. అందులోవాళ్ళు చేతులూపుతూ వీడియో తీసుకుంటున్నారు. ఇక ఆగలేక, లేచి నిలబడి వేలు చూపించి తిట్టడం మొదలుపెట్టాను. రెండో తిట్టు సగంలో ఉండగా కాలి కింద దోనె పక్కకు జరిగింది. నేను నీళ్ళలో ఉన్నాను.

నోట్లోకి బురద, ముఖానికి గుర్రపుడెక్క. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ, మునిగిపోతున్నానని అరిచాను. ముందురోజు అద్దంలో చూసుకుంటూ సింహాన్నని అరిచిన గొంతే అది. సువార్తమ్మ గెడ చాస్తోంది. అప్పుడు నా చెల్లెలి గొంతు వినిపించింది. గట్టిగా కాదు, క్లాసులో పిల్లలకు చెప్పినట్టు.

"అక్కా, లేచి నిలబడు. నడుం లోతే ఉండేది."

నిలబడ్డాను. నిజంగానే నడుం లోతే.

సువార్తమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నీకెలా తెలుసు అని నిర్మలను అడిగాను. కిందటి మలుపులో గెడ ఎంతవరకు తడిసిందో చూశానంది. రేవు వదిలినప్పటి నుంచీ ప్రతిసారీ చూస్తూనే ఉందట. మొదట మోకాలి పైకి, తర్వాత నడుం, ఒకచోట మాత్రం ఛాతీ దాకా. సువార్తమ్మ గెడ దింపినందుకు నేను విసుక్కుంటున్నంతసేపూ తను లోతు చదువుకుంటూ కూర్చుంది.

సువార్తమ్మ వంటిల్లు

నేను ఆవిడ చీర ఒకటి కట్టుకుని, నా చీర తాడు మీద ఆరుతుంటే, ఆవిడ వంటింట్లో పీటల మీద కూర్చున్నాం. కొర్రమీను పులుసు, ముద్ద కట్టిన వేడన్నం. మాకు సంగటి ఎలాగో వీళ్ళకి ఈ అన్నం అలాగ, పులుసు లేకుండా ఉత్తిదే తిన్నా బాగుంటుంది. గోడ మీద సిలువ, కింద రేషన్ సంచి. పులుసు వడ్డిస్తూ నిర్మలను "మీరేం చేస్తారమ్మా?" అని అడిగింది సువార్తమ్మ.

"లెక్కల టీచరు, ఇప్పుడు..." అన్నాను నేను.

గరిటె ఆగింది. "మిమ్మల్ని కాదండి, అమ్మాయిగారిని అడిగాను" అంది, ఎంతో మెత్తగా. ఏలూరులో దిగిన దగ్గర్నుంచీ ఎవరైనా నన్ను కసిరితే బాగుండునని కోరుకున్నాను కదా. తీరింది. అండీతో కూడా ఇంత దెబ్బ కొట్టవచ్చని నాకు తెలియదు.

నిర్మల చెప్పింది. బడి మూతపడటం, రెండు డెమోలు, రేపటి సంగతి. నెమ్మదిగా, వెతుక్కుంటూ చెప్పింది. నాకు మధ్యలో మాట అందించాలని నాలుక దురద. ఆవిడ మాత్రం తొందర లేకుండా వింది. పులుసు చల్లారింది. నేను ఉండబట్టలేక, పోనీ అక్కడ పెంకు మీద ఏం రాశావే అని అడిగాను.

కంచం వంక చూస్తూ, "నీ పేరు రాసినా అక్కా" అంది.

కోపం రావలసింది. రాలేదు. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"గుంతకల్లు డెమోలో నేను బోర్డు మీద ఆరని రాసినా. తప్పే అది. ఏదో తేడా కొట్టిందని నాకే అనిపించింది, చూసుకుందామని ఆగినా. అంతలోనే నువ్వు వెనక బెంచీ నుంచి, ఆరు కాదే, తొమ్మిది అన్నావు. పిల్లోళ్ళంతా నీ పక్కకు తిరిగినారు. ఆపైన నాకు బోర్డే కనపళ్ళా."

ఇది మీకు ముందే చెప్పి ఉండాలి. రెండుసార్లూ మాట ఆగిపోయిందని రాశాను గానీ, రెండుసార్లూ నేను వెనక బెంచీలో ఉన్నానని రాయలేదు. రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్‌నని చెప్పుకుని కూర్చున్నాను, సాయం కోసం. మొదటిసారి చేత్తో సైగలు చేశాను. రెండోసారి నోటితోనే చెప్పాను. మా అమ్మ పోయినప్పుడు నిర్మలకు ఆరేళ్ళు. బళ్ళో పేరేమిటని అయ్యవారు అడిగితే నేను చెప్పాను. డాక్టరు ఎక్కడ నొప్పి అంటే నేను చెప్పాను. అలా మొదలైంది. తప్పు చేసి, ఆ తప్పులో కాసేపు నిలబడి, తనే బయటికొచ్చే అవకాశం ఆ పిల్లకి నలభై మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఇవ్వలేదు. అలాంటి దాన్ని తీసుకెళ్ళి పెంకు పగలగొట్టిస్తే వచ్చేస్తుందనుకున్నాను. కోటు మనిషిని ఒక రోజు తిట్టాను. నన్ను నేను ఎన్ని రోజులు తిట్టుకోవాలో లెక్క తేలలేదు.

తాడేపల్లిగూడెం

ఊళ్ళో అడుగుపెట్టగానే ఉల్లిపాయల వాసన. లారీలు, బస్తాలు, తట్టలు మోసే ఆడవాళ్ళు. మార్కెట్ మధ్యలో నడుస్తుంటే కాలి కింద ఉల్లిపొట్టు గలగలమంది. నిర్మల ఒక వ్యాపారి దగ్గర ఆగి, బస్తా ధర రోజుకోలా మారుతుందా అని అడిగింది. తనంతట తను. గొంతు వణికింది, ఆయన వినపడక "ఆయ్, ఏంటండీ?" అన్నాడు. రెండోసారి అడిగింది. ఆయన పొద్దుటి ధర వేరు, మధ్యాహ్నం ధర వేరండి అంటూ పావుగంట చెప్పాడు. నేను పక్కన ఒక బస్తా మీద కూర్చుని నా చెప్పుల వంక చూసుకున్నాను. ఆయన శాతాల్లో ఒకచోట తప్పు చెప్పాడు. నేను సరిదిద్దలేదు. ఎంత కష్టమైందో మీకు చెప్పలేను.

ఎనిమిదో తరగతి

బడి ఊరి బయట ఉంది. గేటు మీద పెద్ద అక్షరాల్లో ఆత్మవిశ్వాసమే విజయానికి పునాది అని రాసి ఉంది. ఆ మాట నాకు ఇక కనపడకుండా ఉంటే బాగుండును.

వెనక బెంచీలో కరస్పాండెంటు, ప్రిన్సిపాల్‌గారు, ఇంకొకాయన కూర్చున్నారు. నన్నూ రమ్మన్నారు. రానన్నాను. వరండాలో కిటికీ పక్కన స్టూలు వేయించుకుని, పైట చెంగు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

నిర్మల ఉల్లిపాయలతో మొదలుపెట్టింది. బస్తా అయిదొందలు. పొద్దున ఇరవై శాతం పెరిగింది, మధ్యాహ్నం ఇరవై శాతం తగ్గింది. ఇప్పుడు ధరెంత? అదే అయిదొందలు అని క్లాసంతా అరిచింది. కాదు, మారుతుంది చూడండి, అని నిర్మల బోర్డు మీద వేసింది. అయిదొందలకు ఇరవై శాతం వంద, మొత్తం ఆరొందలు. అక్కడి దాకా బాగుంది. తర్వాత తగ్గించాల్సి వచ్చేసరికి మళ్ళీ వందే తీసేసింది. అయిదొందలు వచ్చింది.

మూడో బెంచీలో రెండు జడల పిల్ల లేచింది. "టీచర్, మారలేదు కదండీ. మారుతుందన్నారు మీరు."

ఆరొందలకు ఇరవై శాతం నూట ఇరవై. నూట ఇరవై! నా గొంతు దాకా వచ్చింది. పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను. నిర్మల వీపు నాకు కనిపిస్తోంది. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. సుద్దముక్క పట్టుకున్న చేయి కిందికి దిగింది. గుంతకల్లులోనూ సరిగ్గా ఇలాగే దిగింది. అయిపోయిందనుకున్నాను.

నిర్మల బోర్డు మీది లెక్కను పైనుంచి కిందికి చదువుకుంది. తర్వాత నిర్మల పిల్లల వైపు తిరిగింది.

"అవునమ్మా. మారుతుందని నేనన్నాను. బోర్డు మారలేదంటోంది. రెండిట్లో ఒకటి తప్పు. ఎక్కడ తప్పిందో నాకూ ఇంకా తెలీలేదు. మొదటి మెట్టు నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ దిగుదాం. అయిదొందలకు ఇరవై శాతం ఎంత?"

ఆ పిల్ల బోర్డు దగ్గరికొచ్చింది. మిగతావాళ్ళు బెంచీల మీద మోకాళ్ళేసుకుని ముందుకు వంగారు. మెట్టు మెట్టూ దిగి, ఆరొందల దగ్గర ఆగి, నలుగురైదుగురు ఒక్కసారే పట్టుకున్నారు. "వంద కాదండి! ఆరొందలకి వెయ్యాలండి!" నాలుగొందల ఎనభై. రెండు జడల పిల్ల తనే చెరిపి తనే రాసింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

నేను వరండాలో ఏడ్చాను. మంచినీళ్ళు తెచ్చిన ఆయమ్మ, ఎండకి కళ్ళు మండుతున్నాయాండి అని అడిగింది. అవునన్నాను.

కరస్పాండెంటుగారి గది

ఆయన మాకు బాదంపాలు ఇప్పించాడు. చాలా మర్యాదస్తుడు. సబ్జెక్టు బాగుందండి, పిల్లలతో బాగా కలిసిపోయారండి, అని మొదలుపెట్టి, "కానండి, కాన్ఫిడెన్సు తక్కువండి మేడమ్‌గారికి" అన్నాడు. పిల్లల ముందు నాకూ తెలీలేదు అనేశారు, రేపు పేరెంట్స్ వింటే ఏమనుకుంటారండి, టీచరన్నాక తెలియకపోయినా తెలిసినట్టుండాలి కదండి. ఎక్కడైనా పర్సనాలిటీ డెవలప్‌మెంట్ ట్రైనింగ్ లాంటిది తీసుకున్నారా అని అడిగాడు.

సింహం బొమ్మ సంచిలో ఉంది. దాన్ని తీసి ఆయన ముఖాన కొట్టాలో, తీసి చూపించి ఉద్యోగం అడగాలో తేల్చుకోకుండానే నా చేయి సంచిలోకి పోయింది. నిర్మల నా మణికట్టు పట్టుకుంది. "నువ్వుండక్కా" అంది.

తర్వాత ఆయనతో మాట్లాడింది. గొంతు వణుకుతూనే ఉంది. "నాకు భయమేసింది సార్, నిజమే. భయమేసిందని లెక్క వదిలిపెట్టి రాలేదు, తెలిసినట్టు నటించి పిల్లలకు తప్పు నేర్పలేదు. మీకు వేరే రకం టీచరు కావాలంటే అది మీ ఇష్టం. తప్పు పట్టుకున్న ఆ పాప పేరేంటో చెప్తారా సార్? బాగా అడిగిందని చెప్పి వెళ్తాను."

ఆయన ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ఆవిడ మూడో ఆయన వైపు చూసింది. ఆ మూడో ఆయన తన గ్లాసులోకి చూశాడు.

"ఎయిత్ క్లాసు అమ్మాయిలెండి, మేం చెబుతాం" అన్నాడు కరస్పాండెంటు.

ముగ్గురికీ తెలియదు. కానీ తెలియదని ఒక్కరూ అనలేదు. అదీ వాళ్ళ ఆత్మవిశ్వాసం.

నిర్మల లేచి నమస్కారం పెట్టి, వరండాలో ఆయమ్మను అడిగి, భోజనాల హాలు దగ్గర ఆ పిల్లను వెతికి పట్టుకుంది. పేరు జ్యోతి. ఏం మాట్లాడుకున్నారో నేను దూరం నుంచి వినలేదు, అడగలేదు.

గేటు బయట ఆటో ఆగింది. నేను నోరు మూసుకుని వెనక నిలబడ్డాను. స్టేషన్‌కి రెండొందలండి అన్నాడు. నూట యాభై అంది నిర్మల. నూట ఎనభై ఇవ్వండి అన్నాడు. సరేనంది. నేనైతే నూట ఇరవైకి తెచ్చేదాన్ని. అరవై రూపాయలు బూడిదలో పోశామని ఒళ్ళంతా మండిపోయింది. అలా మండుతూనే ఎక్కి కూర్చున్నాను.

ఇల్లు

ఆ ఉద్యోగం రాలేదు. వారం తిరిగేసరికి ఒక మర్యాదైన మెయిల్ వచ్చింది. నిర్మల అప్పడాల మాట మళ్ళీ ఎత్తలేదు. ధర్మవరంలో ఇంకో బడికి తనే ఫోన్ చేసి మాట్లాడుకుంది. ఈ రోజే డెమో. నన్ను రావద్దంది. అందుకే ఈ పూట ఇంట్లో కూర్చుని మీకిది రాస్తున్నాను, లేకపోతే బస్సులో దాని పక్క సీట్లో ఉండేదాన్ని.

పొద్దున గడప దగ్గర ఊరుకోలేక, "ధైర్యంగా మాట్లాడవే" అన్నాను.

చెప్పులేసుకుంటూ, "భయంగానే మాట్లాడతానక్కా" అంది. "మాట్లాడతాను గదా."

ఆ మాటకీ ఏదో ఒకటి అనబోయి తలుపేసుకున్నాను.

పదకొండింటికి క్లాసు. ఇప్పుడు పన్నెండున్నర అయింది. ఫోన్ బల్ల మీద ఉంది. తను చేయలేదు. నేనూ చేయలేదు.